ప్రాక్టీస్ రూలెట్‌లో గెలిచే లెక్క అసలు టేబుల్ మీద నిలుస్తుందా?

వచ్చే నెల ఫ్రెండ్స్‌తో గోవా వెళ్తున్నా. ఈలోగా ఫోన్‌లో ఉత్తుత్తి డబ్బుతో రూలెట్ (తిరిగే చక్రంలో బంతి ఏ రంగు గడిలో పడుతుందో పందెం కాసే ఆట) ఆడుతూ, పోయిన ప్రతిసారీ పందెం రెట్టింపు చేసే మార్టింగేల్ పద్ధతి పరీక్షిస్తున్నా: ఎరుపు మీద 10, పోతే 20, మళ్లీ పోతే 40. ఐదు రోజులు లాభమే. నిన్న 5,000తో మొదలుపెట్టగానే వరసగా ఎనిమిదిసార్లు నలుపే పడింది. 2,550 హుష్‌కాకి. తొమ్మిదో పందేనికి 2,560 కావాలి, మిగిలింది 2,450! (పక్కన కూర్చున్న తమ్ముడు ఒకటే నవ్వు.)

37 గడుల్లో ఎరుపు 18 మాత్రమే, సగటున 2.7 శాతం క్యాసినోకే పోతుందని తెలుసు. నా సందేహమల్లా, వేల రౌండ్లు తిప్పి చూస్తే సిమ్యులేటర్ (ఇలాంటి ఉత్తుత్తి ఆట) ఈ పద్ధతిలో పస ఉందో లేదో చెబుతుందా, లేక ఎంత త్వరగా మునుగుతానో మాత్రమే చెబుతుందా? ఉచిత ఆటల్లో అలవాటు పడాలని కావాలనే గెలిపిస్తారా? సొంతంగా కోడ్ రాసి చూసినవాళ్లుంటే కాస్త చెప్పండి.