కొబ్బరితోటలో రెడీమేడ్ ఇల్లు పెట్టొచ్చా? ఉన్నవాళ్లు చెప్పండి

మాది రాజోలు దగ్గర గోదావరి గట్టు పక్కన ఊరు. పాత పెంకుటింటి వాసాలు చెదలు తినేశాయి. మళ్లీ కట్టించాలంటే ఇసుక, మేస్త్రీ, నాలుగు నెలల సెలవు... నా వల్ల కాదు. అందుకే తోటలో 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉండే, ఫ్యాక్టరీలో ఇనుప రేకులతో తయారై వచ్చే రెడీమేడ్ ఇల్లు దింపిద్దామనుకుంటున్నా.

మొన్న హైవే పక్కన అమ్మకానికి పెట్టింది ఒకటి చూశాను. మంచం, వంటగట్టు, బాత్రూమ్, అన్నీ పొందిగ్గా ఉన్నాయి. నిజం చెప్పాలంటే మనసు పడిపోయాను. కానీ మిట్టమధ్యాహ్నం బయటి గోడ మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది. లోపల ఏసీ ఆపిన పది నిమిషాలకే చొక్కా తడిసిపోయింది. రెండు రేకుల మధ్యలో పఫ్ (వేడిని ఆపే గట్టి నురుగు) ఉన్న ప్యానెల్ తీసుకుంటే తేడా తెలుస్తుందా, లేక పైన తాటాకు పందిరి వేసుకోవాల్సిందేనా?

అమ్మ భయం వేరు. 1996 నవంబరు తుపానుకి రేకులు ఎగిరిపోవడం కళ్లారా చూసిన మనిషి. "గాలొస్తే ఈ అగ్గిపెట్టెని ఎక్కడ వెతుక్కోవాలిరా?" అంటోంది. 2022 జులై వరదకి తోటలో మోకాటిలోతు నీళ్లు. మరి ఒండ్రుమట్టిలో పిల్లర్లు ఎంత ఎత్తు లేపారు? ఇంటిని వాటికి ఎలా బిగించారు? ఉప్పుగాలికి తుప్పు ఎన్నేళ్లకి మొదలైంది?

మా కాలవగట్టు మీద ట్రాక్టరే కష్టంగా తిరుగుతుంది, క్రేన్ రాదు. విడి ప్యానెళ్లు తెచ్చి అక్కడే బిగించుకున్నవాళ్లున్నారా? ఇంకొకటి, నవ్వకండి: కొబ్బరికాయ పడితే కప్పు సొట్టపడుతుందా?