ఆస్తి హక్కు మళ్ళీ ప్రాథమిక హక్కు కావాలా?

కృష్ణాతీరం:
1978 నాటి 44వ రాజ్యాంగ సవరణ 19(1)(ఎఫ్), 31 అధికరణాలను తొలగించి, ఆస్తి హక్కును 300ఏ అధికరణంగా ప్రాథమిక హక్కుల భాగం బయట కూర్చోబెట్టింది. 1979 జూన్ 20న అది అమలులోకి వచ్చినప్పటి నుంచి, భూమి పోగొట్టుకున్న పౌరుడు ఆ ఒక్క కారణంతో 32వ అధికరణం కింద నేరుగా సుప్రీంకోర్టు తలుపు తట్టే వీలు లేకుండా పోయింది. దానిని తిరిగి మూడో భాగంలో చేర్చాలని నా వాదన.

పాతనల్లకోటు:
300ఏ ‘పౌరుడు’ అనలేదు, ‘ఏ వ్యక్తినీ’ అన్నది. మీరు కోరుతున్న పాత 19(1)(ఎఫ్) పౌరులకు మాత్రమే వర్తించేది. అంటే 19(1)(ఎఫ్)తో పోలిస్తే ఈ విషయంలో పరిధి పెరిగిందే గాని తగ్గలేదు. 226 కింద హైకోర్టుకు వెళ్ళే దారి ఎప్పుడూ తెరిచే ఉంది. హిమాచల్ ప్రదేశ్‌లో 1967-68లో పరిహారమివ్వకుండా రోడ్డుకు తీసుకున్న భూమి విషయంలో, ఇన్నేళ్ళ స్వాధీనం వల్ల ఆ భూమి తనదైపోయిందని ప్రభుత్వం వాదిస్తే, 2020లో విద్యాదేవి కేసులో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. 2024లో కోల్‌కతా నగరపాలక సంస్థ కేసులో నోటీసు, అభ్యంతరాల విచారణ, న్యాయమైన పరిహారం వంటి ఏడు అంశాలు 300ఏలోనే ఇమిడి ఉన్నాయని చెప్పింది.

మెట్టచేను:
హైకోర్టు మెట్లెక్కే ఖర్చు ఎవరు పెట్టుకుంటారండీ?

కృష్ణాతీరం:
‘వ్యక్తి’, ‘పౌరుడు’ అన్న మాటల తేడాతో నాకు పని లేదు. నేనడిగింది 32 గురించి, దానికి మీరు జవాబివ్వలేదు. 1973 భూ గరిష్ఠ పరిమితి చట్టం కింద మా తాతగారు 1976లో పద్దెనిమిది ఎకరాల మాగాణి వదులుకున్నారు. చేతికొచ్చిన మొత్తం గట్లు వేయించిన ఖర్చుకు కూడా చాలలేదు. ఆ అన్యాయం మరొకరికి జరగకూడదనే అడుగుతున్నాను.

పాతనల్లకోటు:
క్షమించాలి, 1976లో ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుగానే ఉంది. ఆ చట్టాన్ని 1974లో 34వ సవరణ, ప్రాథమిక హక్కులకు విరుద్ధమన్న కారణంతో చట్టాలను కొట్టివేయకుండా కాపాడే తొమ్మిదో షెడ్యూలులో చేర్చింది కాబట్టి ఆ హక్కు మీ తాతగారికి అక్కరకు రాలేదు. మీరు చూపిన ఉదాహరణ మీ వాదననే దెబ్బతీస్తున్నది.

కృష్ణాతీరం:
అత్యవసర పరిస్థితి కాలాన్ని ప్రమాణంగా చూపడం వకీళ్ళకే చెల్లింది. కష్టపడి సంపాదించిన భూమిని ప్రభుత్వం గుంజుకుని ఎవరెవరికో పంచిపెడితే, అది మీకు షెడ్యూలులో ఒక వరుస మాత్రమే.

డీపట్టా:
‘ఎవరెవరికో’ అన్న మాట దగ్గర ఆగాను. ఆ ఎవరెవరిలో మా నాన్న ఒకరు. మిగులు భూమిలో ఎకరన్నర పట్టా ఇచ్చారు, రాళ్ళు ఏరి సాగులోకి తెచ్చుకున్నాము. తరువాత రోడ్డుకు తీసుకున్నప్పుడు పక్క పొలం పట్టాదారుకు మార్కెట్ ధర కట్టి, మాది అసైన్డ్ (ప్రభుత్వం పేదలకు పంచిన) భూమి గనుక ప్రభుత్వానిదేనని చెప్పి, ఎక్స్‌గ్రేషియా పేరిట కొంత చేతిలో పెట్టారు. మీ తాతగారిది ఆస్తి, మా నాన్నది దయ. ఏ అధికరణంలో రాసినా, ఎవరి చేతిలో ఉన్న భూమిని ఆస్తిగా లెక్కిస్తారన్నది ముందు తేలాలి.

కృష్ణాతీరం:
మీ నాన్నగారిని ఉద్దేశించి అనలేదు. కానీ ఉచితంగా వచ్చిన భూమికీ, కొన్న భూమికీ ఒకే ధర అంటే నేను ఇప్పటికీ ఒప్పుకోలేను.

పాతనల్లకోటు:
మీరు ఒప్పుకోకపోయినా, చేవెళ్ళ ఆర్డీవో, మేకల పాండు కేసులో 2004లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం ఒప్పుకుంది. ప్రజావసరానికి తీసుకున్న అసైన్డ్ భూమికి పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలన్నది. డీపట్టా గారూ, భూమి తీసుకున్నది ఏ సంవత్సరం? ఎక్స్‌గ్రేషియా ఉత్తర్వు నకలు మీ దగ్గర ఉందా?

డీపట్టా:
2009లో. నకలు నాన్న ట్రంకుపెట్టెలో ఉండాలి, వెతికి చెబుతాను.