రూట్ కెనాల్ అయిన ముందు పన్నుకు వెనీరా, క్యాపా?

ప్రశ్న: పై ముందు పన్ను, రూట్ కెనాల్ అయ్యాక నల్లబడింది. మూల కాస్త విరిగింది. వెనీర్ (పన్ను ముందువైపు అంటించే పల్చటి పొర) సరిపోతుందా, పన్నంతా కప్పే క్యాప్ కావాలాండీ?

జవాబు 1: ఎంత పన్ను మిగిలిందన్నదే లెక్క. వెనీర్‌కు ముందువైపు 0.3–0.7 మి.మీ. అరగదీస్తారు. ఎనామిల్ (పన్ను పైనుండే గట్టి పొర) మీదైతే గట్టిగా నిలుస్తుంది, దాని కిందుండే డెంటిన్ పొర బయటపడితే పట్టు తగ్గుతుంది. క్యాప్‌కు చుట్టూ 1–1.5, కొరికే అంచున 2 మి.మీ. దాకా పోతుంది. వెనక పెద్ద ఫిల్లింగ్ ఉంటే మాత్రం క్యాపే.

జవాబు 2: అప్పుడే తేల్చేయకండి, ముందు ఇంటర్నల్ బ్లీచింగ్ (పన్ను లోపల మందు పెట్టి తెల్లబరచడం) సంగతి అడగండి. పల్చటి వెనీర్ వెనక నలుపు తెలిసిపోతుంది. క్యాపైతే చిగురు బయట చుట్టూ కనీసం 1.5–2 మి.మీ. గట్టి పన్ను ఉండాలి. లేకుంటే పోస్టుతో (ఆధారంగా పన్ను వేరులో దించే కడ్డీ) సహా ఊడొచ్చు.

జవాబు 3: రాత్రుళ్లు పళ్లు నూరితే ఏది వేయించినా నైట్‌గార్డ్ (రాత్రి పళ్లకు పెట్టుకునే తొడుగు) తప్పదు. వెనీరైతే అంటించే ముందే ట్రై-ఇన్ పేస్టుతో (తాత్కాలికంగా పెట్టి చూసే పేస్టు) రంగు పగటి వెలుగులో చూసుకోండి.