పాత టేకు రాతబల్ల: పెడెస్టల్ తీసుకోవాలా, రోల్‌టాప్ తీసుకోవాలా?

పడమటిగది (ప్రశ్న)

రాసుకోవడానికి, రోజుకు నాలుగైదు గంటల ల్యాప్‌టాప్ పనికి ఒక పాత బల్ల కావాలి. హైదరాబాద్‌లో నాలుగో అంతస్తు, గది తలుపు సందు 32 అంగుళాలు. రెండు బల్లలు చూసి పెట్టాం.

ఒకటి పెడెస్టల్ రకం. అటూ ఇటూ సొరుగుల పెట్టెలు, మధ్యలో కాళ్ల ఖాళీ, పైపలక 5 x 2½ అడుగులు. దాని మీద ఎవరో సన్‌మైకా అంటించారు. "అసలు బర్మా టేకు, 1910 నాటిది" అని 68 వేలు చెబుతున్నారు. వెనకపలక అడుగున సన్న బెజ్జాలున్నాయి. అడిగితే "పాతవి లెండి" అన్నారు.

రెండోది రోల్‌టాప్, అంటే సన్న చెక్కపట్టీల మూత చుట్టుకుంటూ వెనక్కి పోయే రకం, 4 అడుగులు, 55 వేలు. మూత సగం దాకా వచ్చి పట్టేస్తోంది.

1910 అన్నమాట నిజమో కాదో ఎలా తేలుతుంది? బెజ్జాలు చూసి వదిలేయాలా? ఏది నయం?

కొయ్యలెక్క

సంవత్సరం సంగతి తర్వాత, ముందు టేపు తీయండి. కలంతో రాయడానికి చేసిన పాత బల్లలు చాలావరకు 30, 31 అంగుళాల ఎత్తుంటాయి. కాగితం మీద రాతకు ఇబ్బంది లేదు గానీ, అదే ఎత్తులో నాలుగు గంటలు కీబోర్డు కొడితే భుజాలు పైకి లేచి మెడ పట్టేస్తుంది. 28, 29 దొరికితే అదృష్టం. ఎత్తు ఎక్కువైందని అడుగు కోయించకండి. పెడెస్టల్ అడుగు దిమ్మె కోస్తే కింది సొరుగు నేలకు రాసుకుంటుంది, బల్ల విలువా పోతుంది. కుర్చీ పెంచుకుని పాదాల కింద పీట వేసుకోవడమే దారి.

కాళ్ల ఖాళీ కూడా కొలవండి. నేల నుంచి మధ్య సొరుగు అడుగుకు 24 అంగుళాలు, రెండు పెట్టెల మధ్య అడ్డంగా కనీసం 22 ఉండాలి. మధ్య సొరుగు లోతుగా ఉంటే తొడలు ఆనతాయి. చేతులున్న కుర్చీ అయితే అసలు లోపలికి పోదు. కొట్లో నిలబడి చూస్తే ఇవేవీ తెలియవు. కుర్చీ అడిగి పది నిమిషాలు కూర్చోండి.

సరిగ్గా చేసిన పెడెస్టల్ మూడు ముక్కలుగా విడిపోతుంది, రెండు పెట్టెల మీద పైభాగం ఊరికే కూర్చుని ఉంటుంది. ఎత్తి చూపించమనండి. ఎవరైనా మధ్యలో స్క్రూలు బిగించి ఒకటే చేసేసి ఉంటే, 30 అంగుళాల లోతున్న బల్ల 32 అంగుళాల సందులో చేతివేళ్లు నలుపుకుంటూ పోవాలి. టేకు ఘనపుటడుగు సుమారు 18 కిలోలు. అంగుళం మందం గట్టి పలకైతే మీ పైపలక ఒక్కటే 19 కిలోల దాకా తూగుతుంది. ఒకడే తేలిగ్గా ఎత్తేస్తే అనుమానించండి.

మీ పనికి రోల్‌టాప్ నప్పదు. వెనక చిన్న చిన్న గూళ్లు పది, పన్నెండు అంగుళాల లోతు తినేస్తాయి. మానిటర్ పెడితే మూత మూయలేరు, మూత మూయని రోల్‌టాప్ కొనడం దేనికి?

సొరుగుఅడుగు

వయసు అడగాల్సింది అమ్మేవాణ్ని కాదు, సొరుగుని. పూర్తిగా బయటికి లాగి తిరగేయండి.

మూల అతుకులు ఒకదానికొకటి కాస్త తేడాగా, పక్కనే కత్తితో గీసిన సన్న గీత కనిపిస్తుంటే అవి చేత్తో కోసిన డవ్‌టెయిల్ అతుకులు (పావురం తోకలా విచ్చుకున్న పళ్లు ఒకదానిలో ఒకటి దిగేవి). కానీ దాన్ని బట్టే 1910 అనేయకండి. ఇంగ్లండ్, అమెరికా బల్లలకైతే ఈ గుర్తు కొంత పనికొస్తుంది. మన వడ్రంగులు మాత్రం యంత్రాలు వచ్చాక కూడా చాన్నాళ్లు చేత్తోనే కోశారు. 1960ల బల్లలో కూడా అవే ఉంటాయి.

స్క్రూలు ఇంకొంచెం నిజం చెబుతాయి. ప్లస్ గుర్తు తల ఉన్న ఫిలిప్స్ స్క్రూకు పేటెంట్ వచ్చిందే 1936లో. అది బందుల దగ్గర కనిపిస్తే బల్ల ఆ తర్వాతిదన్నా కావాలి, బందులన్నా మార్చి ఉండాలి. తేల్చుకోవడానికి ఒక స్క్రూ విప్పండి. చుట్టూ చెక్కలో పాత బెజ్జం పూడ్చిన గుర్తు ఉంటే బందు మారినట్టే. పిడుల విషయంలోనూ అంతే, సొరుగు ముందుపలక లోపలివైపు వేలితో తడిమితే పూడ్చిన బెజ్జాలు తగులుతాయి. పిడుల మీద అయస్కాంతం పెట్టి చూడండి, అతుక్కుంటే ఇనుము మీద ఇత్తడి పూత.

అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది రంగు. నిజంగా పాత సొరుగు లోపల పాలిష్ ఉండదు. చెయ్యి, గాలి తగిలే పై అంచు నల్లబడి, వెనక మూలలు లేతగా ఉంటాయి. సొరుగు నడిచే పట్టీల మీద ఏళ్ల తరబడి రాపిడికి గాడి పడుతుంది. లోపలా బయటా ఒకటే ముదురు రంగు పూసి, పట్టీలు మాత్రం సూటిగా ఉంటే కొత్తదాన్ని పాతగా చేశారన్నమాట. జోధ్‌పూర్ నుంచి అలాంటివి చాలా వస్తాయి. అందులో తప్పేం లేదు, ధర మాత్రం కొత్తదానిదే ఇవ్వాలి.

"బర్మా" అన్నమాటకు విలువ కట్టకండి. బర్మా టేకా, మన టేకా అన్నది పాలిష్ వేసిన బల్ల చూసి తేల్చడం కుదిరే పని కాదు. టేకా కాదా అన్నది మాత్రం తేల్చుకోవచ్చు. సొరుగు అడుగున గోటంత మేర బ్లేడుతో గీరండి. తోలు వాసన, వేలికి కాస్త జిడ్డు, బంగారు గోధుమరంగు ఉంటే టేకు.

చేవ

బెజ్జాల గురించి. మట్టి గూడు గీతలు, లోపల డొల్ల ఉంటే చెదలు. గుండ్రంగా ఒకటి, రెండు మిల్లీమీటర్ల బెజ్జాలుంటే చెక్క తొలిచే పురుగు. టేకు చేవను, అంటే మాను నడుమ ఉండే ముదురు గట్టి చెక్కను, ఈ పురుగు పెద్దగా ముట్టదు, చేవ పక్కనుండే తెల్ల చెక్కనే తింటుంది. పాత బల్లల్లో ఆ తెల్లది కనిపించని చోట, అంటే వెనకపలకలో, సొరుగు అడుగున వాడేసేవారు. అందుకే మీకు అక్కడ కనిపించాయి.

ఇప్పుడు పురుగుందా, ఎప్పుడో పోయిందా అన్నదే ప్రశ్న. బెజ్జం లోపల లేత పసుపు రంగు ఉండి, తడితే మెత్తని పిండి రాలితే పురుగు ఉన్నట్టే. అంచులు నల్లబడి దుమ్ము పట్టి ఉంటే పాతవి కావచ్చు. అక్కడంతా తుడిచేసి, కింద నల్ల కాగితం పరిచి రెండు వారాలు వదిలేయమనండి. స్క్రూడ్రైవర్ మొన దిగిపోయేంత మెత్తబడితే ఆ పలక మార్చాల్సిందే. వెనకపలక ఒక్కటే అయితే అది పెద్ద పని కాదు, ధర తగ్గించమని అడగడానికి మంచి కారణం.

మందు: లీటరు వేడినీళ్లలో 60 గ్రాముల బోరాక్స్, 40 గ్రాముల బోరిక్ ఆసిడ్ కరిగించి, పాలిష్ లేని చెక్క మీద రోజు విడిచి రోజు రెండుసార్లు బ్రష్‌తో పట్టించాలి. పాలిష్ ఉన్నచోట ఇది లోపలికి దిగదు, కాబట్టి ముందువైపు పూసి లాభం లేదు. లోపలున్న పురుగు బయటపడటానికి నెలలు పడుతుంది. ఏడాదిపాటు కాగితం తీయకండి.

పడమటిగది

మళ్లీ వెళ్లి చూశాం. ఎత్తు 30, కాళ్ల ఖాళీ 24. మూడు ముక్కలుగా వస్తోంది. మధ్య సొరుగు పట్టీల్లో లోతుగా గాడి ఉంది, లాగితే ముందుకు వంగుతోంది. పిండి రాలలేదు. వాళ్లే సన్‌మైకా తీసి పీయూ పాలిష్ (గట్టి పొరలా ఆరే పాలియురేథేన్ పూత) వేసి ఇస్తామంటున్నారు, 9 వేలు అదనం. వేయించమంటారా?

చేవ

వద్దండి. ఉన్నది ఉన్నట్టే తీసుకోండి. వాళ్లు ముందు మిషన్‌తో గీకేస్తారు, దాంతో పాత రంగంతా పోతుంది. తర్వాత పీయూ మీద గీత పడితే ఆ ఒక్కచోట సరిచేయడం కుదరదు, పలకంతా మళ్లీ గీకాల్సిందే.

ముందు మీరే ఇప్పుడున్నది ఏం పాలిషో చూడండి. సొరుగు పక్కన కనిపించని చోట స్పిరిట్ ముంచిన దూదితో ఒక చుక్క పెట్టండి. నిమిషంలో జిగటైతే అది లక్క పాలిష్. దాన్ని గీకనవసరం లేదు, లీటరు స్పిరిట్‌కు 200 గ్రాముల లక్క రేకులు నానబెట్టి, వడగట్టి, నూలుగుడ్డ ఉండతో పల్చగా పట్టించుకుంటూ పోతే పాతదానిలో కలిసిపోతుంది. ముసురు రోజుల్లో చేయకండి, తేమ చిక్కుకుని తెల్లగా పొర కడుతుంది. లక్క పాలిష్ వేడికి తట్టుకోదు, కాఫీ గ్లాసు కింద ఏదో ఒకటి వేసుకోవాల్సిందే.

సన్‌మైకా తీసే ముందు పైపలక అంచు చూడండి. పలక అడుగువైపు కనిపించే చెక్క గీతలు అడ్డకోతలో కూడా కొనసాగి, మొద్దు నరికినట్టు వలయాల ముక్కలు కనిపిస్తే గట్టి పలక. అంచున విడిగా సన్న పట్టీ అంటించి ఉంటే కింద వెనీర్ (అంటించిన పల్చటి చెక్క పొర) ఉండొచ్చు, సన్‌మైకాతో పాటు అదీ లేచి వస్తుంది. అప్పుడు దాన్ని కదపకండి. గట్టి పలకైతే ఒక మూల హీట్‌గన్‌తో వేడి చేసి, వెడల్పాటి పుట్టీ పట్టీ దాదాపు పడుకోబెట్టి తోస్తూ అరచెయ్యంత అరచెయ్యంత లేపండి. మిగిలిన రబ్బరు జిగురు థిన్నర్‌కు వస్తుంది. కిటికీలు తీసి, మంట దగ్గర లేకుండా చేయండి.

సొరుగుఅడుగు

సొరుగు ముందుకు వంగడానికి కారణం ఆ గాడే. అరిగినంత మేర చెక్కి, అదే మందం టేకు పట్టీ అతికించి కొవ్వొత్తి రుద్దితే సరి. సొరుగు అడుగుపలకకు మాత్రం ఫెవికాల్ పెట్టనివ్వకండి. ఏప్రిల్ ఎండకు అది కుంచించుకుంటుంది, కదలడానికి చోటు లేకపోతే నిలువునా పగులుతుంది. వెనక ఒక్క స్క్రూ చాలు.

డాలస్‌నుంచి

ఇలాంటిది కొని కంటైనర్‌లో ఇక్కడికి పంపించుకోవచ్చా?

కొయ్యలెక్క

1972 పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన ఇలాంటి కళాఖండాలు, పాత వస్తువులు పురావస్తువుల కిందికి రావచ్చు. వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడానికి వీల్లేదు. అంటే "1910 నాటిది" అన్నమాట నిజమైతే ఓడరేవులోనే ఆగుతుంది. అంతకన్నా కొత్తదని చెప్పాలంటే పురావస్తు శాఖ నుంచి పురావస్తువు కాదన్న పత్రం తీసుకుని పంపాలి. రోజ్‌వుడ్ బల్లయితే సైటిస్ (అంతరించే ప్రమాదమున్న మొక్కలు, జంతువుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) నిబంధనలు కూడా చూసుకోవాలి, టేకుకు ఆ బెడద లేదు.