బడికి చందా వేయాలా, లెక్క అడగాలా? తల్లిదండ్రుల బాధ్యతపై చర్చ

రాజోలు వైపు నుంచి ఒక తండ్రి:
మా ఊరి ప్రభుత్వ పాఠశాల ప్రహరీగోడ మొన్నటి వరదకు ఒరిగిపోయింది. ఇంటికి వెయ్యి రూపాయలు వేసుకుని కట్టుకుందామని కొందరు, అలా అలవాటు చేస్తే ఇకపై ప్రభుత్వం పట్టించుకోదని మరికొందరు అంటున్నారు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

భీమవరం ప్రాంతపు విశ్రాంత ఉపాధ్యాయుడు:
చందా వేసుకోవడమే మంచిదండి. దస్త్రం కదిలేలోగా గోడ పిల్లల మీద పడితే ఎవరు జవాబుదారీ? పైగా తన చేతి డబ్బు పెట్టిన తండ్రికి ఆ బడి తనదనే భావన కలుగుతుంది.

పి.గన్నవరం దగ్గరి లంక గ్రామం నుంచి ఒక తల్లి:
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. చందా మనం ఇప్పటికే ఇచ్చాము. 2025లో తల్లికి వందనం పథకం కింద చదువుకునే బిడ్డకు చెప్పిన 15,000 రూపాయల్లో 13,000 మాత్రమే తల్లుల ఖాతాల్లో పడ్డాయి. మిగిలిన 2,000 బడుల నిర్వహణకని ప్రభుత్వమే ప్రకటించింది. ఆ డబ్బు సంగతి అడగకుండా మళ్లీ జేబులు తడుముకోవడం నాకు న్యాయంగా తోచదు.

అడిగే హక్కు కూడా మనకు ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగం మంది స్త్రీలు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం, నిధుల వినియోగాన్ని గమనించడం ఆ కమిటీ పనులే. అయితే నేను సభ్యురాలినైన మొదటి ఏడాది, ఊడ్పుల రోజుల్లో, పగలు పదకొండు గంటలకు సమావేశం పెట్టారు. కూలి మానుకుని వెళ్లలేకపోయాను. సాయంత్రం సంతకాల పుస్తకం మాత్రం ఇంటికి వచ్చింది: తీర్మానం రాయవలసిన చోటంతా ఖాళీ, కింద నా పేరు ఎదుట ఒక గడి. తీర్మానం రాసి తెస్తేనే సంతకం పెడతానని తిప్పి పంపాను. ఆ తరువాత సమావేశాన్ని దీపాలు పెట్టే వేళకు మార్చారు, ఆడవాళ్లం పదకొండు మందిమి వెళ్లాము.

అప్పటి నుంచి వారానికి ఇద్దరు తల్లులం వంతులవారీగా మధ్యాహ్న భోజనం రుచి చూస్తున్నాము. మా ప్రాంతపు అన్నదాత డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టిన భోజనం కదా, అది నీళ్లచారుగా ఉండటం మాకు తలవంపు. మొదటి రోజు పప్పు పలుచగా ఉంటే వంటామెను నిలదీయబోయాము. మూడు నెలలుగా బిల్లు రాలేదని, పప్పు అరువు తెచ్చి వండుతున్నానని ఆమె కొట్టు చిట్టా తెచ్చి చూపింది. మేము మందలించవలసింది ఆమెను కాదు! కమిటీ తరఫున పై అధికారులకు అర్జీ పెట్టాము, నెలన్నరకు బిల్లు పడింది. చందా వేసి ఇంటికి వెళ్లిపోయి ఉంటే ఈ సంగతి మాకెప్పటికీ తెలిసేది కాదు.

గోడ ప్రమాదమన్న మీ మాట మాత్రం నిజం. అందుకు రేపే కొబ్బరి మట్టలతో అటువైపు దడి కట్టి పిల్లలను దూరంగా ఉంచండి. ఆ శ్రమదానానికి నాకు అభ్యంతరం లేదు. గోడ మాత్రం ప్రణాళికలో చేర్పించి, ఫొటోలతో రాతపూర్వకంగా అడగండి.

విశ్రాంత ఉపాధ్యాయుడు:
దడి మాట ఒప్పుకుంటున్నానమ్మా. రెండు నెలల్లో జవాబు రాకపోతే మాత్రం చందాయే శరణ్యమని నా అభిప్రాయం.

రాజోలు తండ్రి:
ఆదివారం దడి కడుతున్నాము. మా కమిటీ తీర్మానాల పుస్తకం ఎవరి దగ్గర ఉందో ఇంకా తెలియలేదు, రేపు బడికి వెళ్లి అడుగుతాను.