చేతిలో బీటెక్ సీటు ఉండగా డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఎందుకు?

మెహదీపట్నం_అక్క:
మా తమ్ముడు ఈ ఏడు ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాడు. ఎంసెట్ ర్యాంకుకి సిటీ బయట ఒక ప్రైవేటు కాలేజీలో డేటా సైన్స్ బీటెక్ వస్తోంది. వాడేమో అది వద్దు, డిగ్రీ అడ్మిషన్లకి ఆన్‌లైన్లో అప్లై చేసే దోస్త్‌లో మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ పెట్టుకుంటానని పట్టుబట్టాడు. "డిగ్రీ అంటే ఎక్కడా సీటు రానివాళ్లు చేరేది" అంటూ నాన్న వాడితో మాట్లాడటం మానేశారు. ఇంట్లో ఒకటే టెన్షన్. స్టాటిస్టిక్స్ చదివి బాగుపడినవాళ్లే కాదు, చదివి బాధపడినవాళ్లు కూడా చెప్పండి.

కూకట్‌పల్లి_కోడర్:
అక్కా, బీటెక్‌లో చేర్పించేయండి. సబ్జెక్టు గొప్పదా కాదా అన్నది తర్వాత. క్యాంపస్‌కి వచ్చే కంపెనీల్లో చాలావాటికి మొదటి వడపోతే బీటెక్. అక్కడ ఆగిపోతే మీ తమ్ముడికి ఎన్ని డిస్ట్రిబ్యూషన్లు నోటికొచ్చినా అడిగే నాథుడుండడు. అంత ఇష్టమైతే స్టాటిస్టిక్స్ ఆన్‌లైన్‌లో నేర్చుకోవచ్చు, ఎవరొద్దన్నారు?

టీ_టేబుల్_మాస్టారు:
నేను డిగ్రీ కాలేజీలో ఇదే సబ్జెక్టు చెప్తాను, కాబట్టి నా మాటలో కాస్త పక్షపాతం ఉందనుకునే చదవండి. క్యాంపస్ సంగతి పైన చెప్పింది నిజమే. ఆన్‌లైన్‌లో నేర్చుకోవచ్చన్నదే ఒప్పుకోను. చాలా బీటెక్ సిలబస్‌లలో ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్ కలిపి ఒక్క సెమిస్టర్ పేపరు. మా దగ్గర ప్రాబబిలిటీ, ఎస్టిమేషన్, టెస్టింగ్, శాంప్లింగ్, డిజైన్ ఆఫ్ ఎక్స్‌పరిమెంట్స్ ఒకదాని మీద ఒకటి నడుస్తాయి.

తేడా ఎక్కడ తెలుస్తుందో ఒక ప్రాక్టికల్ చెప్తాను. పేజీకి ఎన్ని అచ్చుతప్పులున్నాయో లెక్కపెట్టిన పట్టిక ఇచ్చి, దానికి పాయిసాన్ డిస్ట్రిబ్యూషన్ (ఇలాంటి అరుదైన వాటి లెక్కలకి వాడే సూత్రం) సరిపోతుందో లేదో చూడమంటాం. పిల్లలు సగటు కట్టి, దాన్నే లాంబ్డాగా, అంటే ఆ సూత్రంలో పెట్టాల్సిన సగటుగా తీసుకుని ఒక్కో గడికీ ఎక్స్‌పెక్టెడ్ ఫ్రీక్వెన్సీ (సూత్రం ప్రకారం రావాల్సిన లెక్క) వేస్తారు. చివరి గళ్లలో అది 5 కంటే తక్కువ వస్తే పక్క గడితో కలిపేస్తారు. తర్వాత కై-స్క్వేర్, అంటే రావాల్సిన లెక్కకీ వచ్చిన లెక్కకీ తేడా ఎంతుందో చూసే టెస్టు. గళ్లు 6 మిగిలాయనుకోండి, ఆ టెస్టుకి కావాల్సిన డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (స్వేచ్ఛగా మారగలిగే గళ్ల లెక్క) మామూలుగా ఒకటి తీసేసి 5 అని రాసేస్తారు. కాదు, 4. లాంబ్డాని ఇదే డేటాలోంచి తీశాం కాబట్టి ఇంకొకటి పోతుంది. ఎందుకు పోతుందో రికార్డులో రెండు ముక్కలు రాయమంటే పెన్నులు ఆగిపోతాయి. అవే గళ్లు, వాటి ప్రాబబిలిటీలు ఆర్ సాఫ్ట్‌వేర్‌లోని కై-స్క్వేర్ ఫంక్షన్‌కి ఇచ్చి చూడండి, అదీ 5 అనే వేసుకుంటుంది. లాంబ్డా ఎక్కణ్నుంచి వచ్చిందో దానికెలా తెలుస్తుంది? ఆ సంగతి పట్టుకునేవాడు తయారవడానికి మూడేళ్లు ఎక్కువేం కాదు.

వాల్తేరు_వాసి:
నన్నడిగితే రెండూ వద్దు. డిగ్రీలో మ్యాథ్స్ గట్టిగా చదివి, పీజీలో స్టాటిస్టిక్స్‌కి వెళ్లాలి. స్టాటిస్టిక్స్‌లో ప్రపంచమంతా పేరున్న సి.ఆర్.రావు గారు చేసిందదే కదా. ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ ఎం.ఏ. చేసి, ఆ తర్వాత కలకత్తా వెళ్లారు. ఎస్టిమేషన్‌లో ఆయన పేరు మీదే ఉన్న క్రామర్-రావు, రావు-బ్లాక్‌వెల్ ఫలితాలున్న 1945 నాటి పేపరుకే 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఇచ్చారు. పునాది మ్యాథ్స్ అయితే మిగతాది అదే వస్తుంది.

టీ_టేబుల్_మాస్టారు:
సార్, ఆయన ఉదాహరణ ఇక్కడ కుదరదు. కలకత్తా యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ ఎం.ఏ. మొదలైందే 1941లో, ఆయన ఆ మొదటి బ్యాచ్. అంతకుముందు వాల్తేరులో డిగ్రీ చదివే కుర్రాడికి ఎంచుకోవడానికి ఏముందని? ఒక్కటి మాత్రం ఒప్పుకుంటా. మ్యాథ్స్ లేని కాంబినేషన్లో స్టాటిస్టిక్స్ తీసుకుంటే దారి సగంలోనే మూసుకుపోతుంది. ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష ఐఐటీ జామ్‌లో మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్ పేపర్లో కాల్‌క్యులస్, మాట్రిసెస్ కూడా అడుగుతారు.

గచ్చిబౌలి_సాస్:
బాధపడినవాళ్ల లెక్కలో నన్ను వేసుకోండక్కా, కాకపోతే సగమే. మ్యాథ్స్, స్టాట్స్, కంప్యూటర్స్ డిగ్రీతో ఆపేసి ఉద్యోగాలకి తిరిగాను. ఒక కంపెనీలో రాతపరీక్ష పాసయ్యాక, బీటెక్ కాదని ఇంటర్వ్యూకి పిలవలేదు. చివరికి సాస్ అనే డేటా విశ్లేషణ సాఫ్ట్‌వేర్ నేర్చుకుని క్లినికల్ ట్రయల్స్ వైపు వచ్చా. హైదరాబాద్‌లో ఆ పని బాగానే ఉంది. కానీ మా టీమ్‌లో శాంపిల్ సైజు ఎంతుండాలో, ఏ టెస్టు వాడాలో తేల్చేది బయోస్టాటిస్టిషియన్లు. వాళ్లంతా ఎమ్మెస్సీ చేసినవాళ్లే. వాళ్లు రాసిచ్చిన ప్లాన్ ప్రకారం టేబుల్స్ తీసేది నేను. చేరితే ఎమ్మెస్సీ దాకా వెళ్తాననుకునే చేరమనండి.

యూపీఎస్సీ_బ్యాచ్:
యూపీఎస్సీ పెట్టే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ (ఐఎస్ఎస్) పరీక్ష సంగతి ఎవరూ ఎత్తలేదేం? డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉంటే చాలు, ఎమ్మెస్సీ లేకుండానే రాయొచ్చు. నాలుగు స్టాటిస్టిక్స్ పేపర్లు, ఒక్కోటి 200 మార్కులు, వాటిలో రెండు డిస్క్రిప్టివ్, అంటే జవాబులు వివరంగా రాసేవి. ఎస్ఎస్సీ సీజీఎల్‌లో జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టుకీ పనికొస్తుంది.

కూకట్‌పల్లి_కోడర్:
అన్నా, ఐఎస్ఎస్ పోస్టులు దేశం మొత్తానికి ఏటా పదుల్లో. రాసేవాళ్లలో ఐఎస్ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్), ఐఐటీల్లో పీజీ చేసినవాళ్లు ఉంటారు. ఆశ పెట్టేటప్పుడు అది కూడా చెప్పాలి. ఐఎస్ఐ కలకత్తాలో బీస్టాట్ (స్టాటిస్టిక్స్ డిగ్రీ) సీటొస్తే నేనే కళ్లు మూసుకుని వెళ్లమంటా. మనం మాట్లాడేది మామూలు కాలేజీ గురించి.

మెహదీపట్నం_అక్క:
అందరికీ థాంక్స్. కాలేజీకి వెళ్లినప్పుడు ఏం చూడాలి మాస్టారూ?

టీ_టేబుల్_మాస్టారు:
బోర్డు మీద రాసింది నమ్మకండమ్మా. స్టాటిస్టిక్స్‌కి పర్మినెంట్ లెక్చరర్ ఉన్నారా, ఏడాదికొకరు మారుతున్నారా అని సీనియర్లని అడగండి. మ్యాథ్స్ లెక్చరర్ చేతే స్టాటిస్టిక్స్ కూడా లాగించేసే కాలేజీలు ఉన్నాయి. తర్వాత ఫైనలియర్ పిల్లల ప్రాక్టికల్ రికార్డులు రెండు తీసుకుని పక్కపక్కన పెట్టి చూడండి. కొట్టివేతలతో సహా ఒకేలా ఉంటే ఇంకో కాలేజీ చూసుకోండి.

మెహదీపట్నం_అక్క:
ఇదంతా నాన్నకి చదివి వినిపించా. మొత్తం విని ఆయన అడిగిందొకటే: "ఎమ్మెస్సీ సీటు రాకపోతే?"

గచ్చిబౌలి_సాస్:
ఇంకో ఏడాది చదివి మళ్లీ రాయాలి. అందుకే కాంబినేషన్లో కంప్యూటర్స్ వదలొద్దని చెప్పండి. ఆ ఏడాది ఇంట్లో కూర్చోకుండా చిన్నదో పెద్దదో ఉద్యోగం చేసుకుంటూ రాసుకోవచ్చు. నాన్నగారికి ముందే చెప్పి ఒప్పించుకోండి, అప్పుడు చెబితే గొడవవుతుంది.