అప్‌డేట్: కొమ్ము బొమ్మల ఫొటోలు ఇప్పుడు సరిగ్గా వస్తున్నాయి

ఒడిశాలోని పర్లాకిమిడిలో పశువుల కొమ్ముతో చెక్కే బొమ్మల్ని చిన్న డిజిటల్ కెమెరాతో తీస్తుంటే నల్ల కొంగ బొమ్మ కాస్తా బూడిదరంగులో, మసగ్గా వస్తోందని మొన్న అడిగాను. మీరు చెప్పినవన్నీ వరసగా చేసి చూశాను.

అసలు చిక్కు ఆటో మోడ్‌తోనే. డయల్‌ని 'పి' (ప్రోగ్రామ్, కొన్ని సెట్టింగులు మనమే మార్చుకోగల మోడ్) మీదికి తిప్పాక మెనూలో అంతవరకూ తెరుచుకోని వరసలు తెరుచుకున్నాయి. ఫ్రేములో నలుపు ఎక్కువుంటే కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు దాన్ని చీకటనుకుని వెలుగు పెంచేస్తుంది, అందుకే ఆ బూడిదరంగు. ఫొటో వెలుగు పెంచి తగ్గించే ప్లస్-మైనస్ గుర్తు నొక్కి -0.7 పెట్టగానే నలుపు నలుపుగా నిలిచింది, కొంగ ముక్కు అంచున సన్నటి మెరుపు గీత కూడా కనబడింది. -1.3కి వెళ్తే మాత్రం రెక్కల మీది చెక్కుడు గీతలు మునిగిపోతున్నాయి.

మసకకు కారణాలు రెండు. పువ్వు గుర్తు, అంటే దగ్గరి వస్తువుల్ని తీసే మాక్రో, పెట్టకుండా 10 సెంటీమీటర్ల దూరం నుంచి తీయడం ఒకటి. మాక్రో పెట్టినా జూమ్ లాగితే అంత దగ్గర ఫోకస్ అందదు, జూమ్ పూర్తిగా వెనక్కి ఉండాలి. రెండోది, షట్టర్ వేగం 1/8 సెకనుకి పడిపోయి, చేతి కుదుపు ఫొటోలో పడడం. షట్టర్ వేగం పెరగాలని ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) 800కి పెంచితే నలుపులో రంగు చుక్కలు తేలాయి. 100 దగ్గరే ఉంచి, కెమెరాను పుస్తకాల దొంతి మీద పెట్టి, 2 సెకన్ల టైమర్ వేస్తే కుదుపు పోయింది. ఫ్లాష్ ఆపేయాల్సిందే, నున్నటి కొమ్ము మీద తెల్ల మచ్చ పడుతుంది.

ట్యూబ్‌లైటూ కిటికీ వెలుతురూ కలిసినప్పుడు ఒక పక్క నీలంగా వచ్చేది. లైటు ఆర్పేసి, వైట్ బ్యాలెన్స్‌ను (వెలుతురు రంగుకి తగ్గట్టు ఫొటో రంగులు సరిచేసే సెట్టింగు) పగటి వెలుతురుకి పెట్టాక అదీ సర్దుకుంది.